కాన్వాస్ సంచి భుజానికి ఎందుకు అలవాటవుతుంది

దీర్ఘచతురస్రంగా కత్తిరించిన ముతక గుడ్డ, పక్కల రెండు కుట్లు, మడిచి కుట్టిన పై అంచు, దానికి తగిలించిన రెండు పట్టీలు. కాన్వాస్ టోట్ బ్యాగు గురించి ఇంతకు మించి వర్ణించడానికి ఏమీ ఉండదు. జిప్పు ఉండదు, లోపల అస్తరు ఉండదు, అరలు ఉండవు, వానకు తడవకుండా కాపాడే పూత కూడా సాధారణంగా ఉండదు. ఇన్ని లేకపోయినా, నాలుగైదు అరలూ గట్టి జిప్పులూ ఉన్న ఖరీదైన బ్యాగు ఇంట్లో ఉండగానే, బయటికి బయలుదేరిన మనిషి చెయ్యి తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న గుడ్డ సంచి మీదికే వెళ్తుంది. గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకునే విద్యార్థికీ, లాప్‌టాప్‌తో ఆఫీసుకు వెళ్లే ఉద్యోగికీ, పసిపాప బట్టలు సర్దుకునే తల్లికీ, కూరగాయలకు వెళ్లే పెద్దాయనకూ ఒకే సంచి సరిపోతుంది. ఈ ఆదరణకు పర్యావరణ స్పృహే కారణమని తరచూ చెబుతుంటారు. అది కొంతవరకే నిజం. సంచి అందుకునే క్షణంలో భూగోళం గురించి ఆలోచించేవారు అరుదు. ఆ ఎంపికను నడిపించేవి గుడ్డ స్వభావం, పట్టీ పొడవు, తెరిచి ఉన్న నోరు వంటి చిన్న సంగతులు. పర్యావరణానికి కలిగే మేలు కూడా ఆ చిన్న సంగతుల మీదే ఆధారపడి ఉంది. వాడబుద్ధయ్యే సంచే మళ్లీ మళ్లీ బయటికి వస్తుంది, అలా వందలసార్లు బయటికి వచ్చిన సంచే తన తయారీ వల్ల జరిగిన నష్టాన్ని పూడ్చగలుగుతుంది.

ముందుగా గుడ్డ సంగతి చూడాలి. కాన్వాస్‌ది సాదా నేత. పేక పోగు ఒక పడుగు పోగు మీదుగా, తర్వాతి పోగు కిందుగా సాగుతుంది; జీన్స్ గుడ్డలో కనిపించే ఏటవాలు గీతలు ఇందులో ఉండవు. పోగులు ఇంత దగ్గరదగ్గరగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వల్ల బరువు పడినప్పుడు అవి పక్కకు జరగవు, గుడ్డ ఆకారం తప్పదు. డక్ అని పిలిచే రకంలో దారాలు మరింత బిగువుగా ఉంటాయి. కొన్ని రకాల డక్‌లో రెండేసి పడుగు పోగులు జంటగా సాగుతాయి. ఈ డక్ అనే మాటకు బాతుతో ఏ సంబంధమూ లేదు, గుడ్డ అనే అర్థమున్న 'డూక్' అనే డచ్ మాట నుంచి అది వచ్చింది. బరువును బట్టి గుడ్డను వర్గీకరించే పాత పద్ధతి ఒకటి డక్‌కు ఇప్పటికీ వాడుకలో ఉంది: 36 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు ఉన్న ముక్కను తూచి, వచ్చిన ఔన్సులను 19 నుంచి తీసేస్తే మిగిలేదే ఆ గుడ్డ నంబరు. అంటే నంబరు తగ్గేకొద్దీ గుడ్డ బరువు పెరుగుతుంది. 10వ నంబరు డక్ చదరపు గజానికి దాదాపు 14.75 ఔన్సులు తూగితే, 8వ నంబరు 18 ఔన్సులు తూగుతుంది.

సంచుల విషయంలో మాత్రం ఔన్సులను లేదా చదరపు మీటరుకు గ్రాములను నేరుగా చెప్పడమే ఎక్కువ. ప్రచారం కోసం ఉచితంగా పంచే పల్చని సంచులు తరచూ 5 ఔన్సుల గుడ్డతో, అంటే చదరపు మీటరుకు సుమారు 170 గ్రాములతో తయారవుతాయి. వీటిని కాన్వాస్ అని పిలవడం అలవాటైపోయింది గానీ నిజానికి అవి మామూలు నూలు గుడ్డ సంచులే. రోజూ బరువు మోయడానికి 10 నుంచి 12 ఔన్సుల గుడ్డ, అంటే 340 నుంచి 400 గ్రాముల గుడ్డ నమ్మదగినది. ఈ తేడాను చెయ్యి వెంటనే గుర్తుపడుతుంది. పల్చని సంచిలో రెండు పుస్తకాలు వేస్తే వాటి మూలలు బయటికి పొడుచుకువస్తాయి, సంచి సాగిలపడి నడకతో పాటు ఊగుతుంది. దిట్టమైన గుడ్డ అయితే లోపలి వస్తువుకు లొంగకుండా తన రూపం తాను నిలుపుకుంటుంది. కొత్త కాన్వాస్ బిరుసుగా ఉండటానికి మరో కారణం, మగ్గం మీద తెగిపోకుండా పడుగు దారాలకు పట్టించే గంజి. కొన్ని ఉతుకులకు అది కరిగిపోతుంది, నూలు మెత్తబడుతుంది, భుజం వంపుకు తగ్గట్టు పట్టీ మలుచుకుంటుంది. వాడేకొద్దీ బాగుపడే వస్తువులు ఇంట్లో ఎన్నో ఉండవు. వాటిలో ఇదొకటి కావడం దీని మీద ఇష్టానికి ఒక బలమైన కారణం.

ఈ గుడ్డ సంచి కోసం పుట్టలేదు. కాన్వాస్ అనే పేరుకు మూలం లాటిన్ 'కన్నబిస్', అంటే గంజాయి జాతికి చెందిన హెంప్ మొక్క. ఐరోపాలో శతాబ్దాల పాటు ఓడల తెరచాపలను ఈ మొక్క నారతోనూ అవిసె నారతోనూ నేసేవారు. 16వ శతాబ్దపు వెనిస్‌లో సముద్రపు తేమకు గోడ మీది చిత్రాలు నిలవకపోవడంతో, ఓడల నగరంలో పుష్కలంగా దొరికే తెరచాప గుడ్డ మీదికి చిత్రకళ మళ్లింది. నూలు కాన్వాస్ సత్తా ప్రపంచానికి బాగా తెలిసివచ్చిన సందర్భం మాత్రం 1851 నాటి ఒక పడవ పందెం. ఇంగ్లండు దక్షిణ తీరాన ఐల్ ఆఫ్ వైట్ చుట్టూ జరిగిన ఆ పందెంలో బ్రిటిష్ పడవలన్నిటినీ ఓడించిన 'అమెరికా' అనే పడవకు నూలు డక్ తెరచాపలు ఉన్నాయి. అవిసె నార తెరచాపలు గాలికి ఉబ్బి సంచిలా బొజ్జ కడితే, నూలువి బల్లపరుపుగా నిలిచాయి. గాలి తోపుకు బొజ్జ కట్టని గుణమే బరువు కిందా పనికొస్తుంది: ఏడెనిమిది కిలోలు వేసినా మంచి కాన్వాస్ సంచి అడుగు కిందికి వేలాడదు.

తెరచాపలు, గుడారాలు, తపాలా సంచులు, పనిముట్ల సంచులు, ఇలా శ్రమ చేసే లోకంలోనే ఈ గుడ్డ చాలాకాలం ఉండిపోయింది. టోట్ అనే ఇంగ్లీషు మాటకు మోయడం అనే అర్థం; అది 17వ శతాబ్దం నుంచి వాడుకలో ఉంది. ఇప్పుడు కనిపించే రూపానికి అందరూ చూపించే పూర్వరూపం 1944లో వచ్చింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చెందిన ఎల్.ఎల్.బీన్ సంస్థ ఆ ఏడాది ఐస్ మోసుకెళ్లే సంచిని అమ్మకానికి పెట్టింది. కారు నుంచి ఇంట్లోని ఐస్ పెట్టెదాకా మంచు దిమ్మెలను చేరవేయడమే దాని పని. 24 ఔన్సుల గుడ్డ, అంటే చదరపు మీటరుకు 800 గ్రాములకు పైగా తూగే కాన్వాస్, అందుకు ఎంచుకోవడంలో తర్కం ఉంది. నూలు పోగు తడిస్తే బలహీనపడదు, పొడిగా ఉన్నప్పటి కన్నా గట్టిపడుతుంది. పైగా తడికి ఉబ్బి పోగుల మధ్య సందులు మూసుకుపోతాయి. ఫ్రిజ్‌లు ఇంటింటికీ చేరాక ఐస్ మోసే అవసరం తీరిపోయింది, సంచి మాత్రం మిగిలింది. 1960ల్లో అదే సంస్థ అడుగుకూ పట్టీలకూ రంగు గుడ్డ వేసి, 'బోట్ అండ్ టోట్' పేరుతో దాన్ని మళ్లీ తీసుకొచ్చింది. ఐస్ కోసం కుట్టిన నోరు పుస్తకాలకూ బట్టలకూ పనికొచ్చింది. ఒకే పనికి ఉద్దేశించిన వస్తువు ఇన్ని పనులకు సరిపోవడానికి కారణం, దాని రూపంలో ఆ ఒక్క పనిని మాత్రమే గుర్తుచేసే భాగం ఏదీ లేకపోవడమే.

ఇక పట్టీలు. సంచిని రోజూ వాడతారా లేక రెండు రోజులకే పక్కన పడేస్తారా అన్నది నిర్ణయించేది గుడ్డ కన్నా ఎక్కువగా పట్టీయే. పల్చని ప్లాస్టిక్ కవరులో బరువు వేసి మోస్తే దాని పిడి ముడుచుకుపోయి అర సెంటీమీటరు తాడులా మారుతుంది, వేళ్లు కోసుకుపోతాయి. అదే బరువు 3 సెంటీమీటర్ల వెడల్పున్న గుడ్డ పట్టీ మీద పడితే, అది పరుచుకునే స్థలం ఆరు రెట్లు అవుతుంది కాబట్టి చర్మం మీది ఒత్తిడి ఆరో వంతుకు దిగుతుంది. పొడవు విషయం ఇంకా సున్నితమైనది. పట్టీ పొట్టిదైతే సంచి చేతికే పరిమితమవుతుంది. మరీ పొడవైతే చేత్తో పట్టుకున్నప్పుడు అడుగు నేలకు రాసుకుంటుంది. పట్టీని పైకి లాగి పట్టుకుంటే సంచి అంచు నుంచి మడత దాకా 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నప్పుడు, పలచని చొక్కా మీదైనా దళసరి కోటు మీదైనా భుజం దూరుతుంది, చేత్తో మోయడానికీ ఇబ్బంది ఉండదు. ఒకే సంచి భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి పిడికిలికి క్షణంలో మారగలగడం వాడేవారు గమనించని సౌకర్యం. నడుస్తూ నడుస్తూ బరువును ఇలా మార్చుకోవడం వల్లే అలసట వాయిదా పడుతుంది. దీనికో హద్దు ఉందని కూడా చెప్పాలి. బరువంతా ఒకే భుజం మీద పడుతున్నప్పుడు, పట్టీ జారిపోకుండా ఆ భుజాన్ని తెలియకుండానే ఎత్తి పట్టుకుంటారు, మెడ కండరాలు బిగుసుకుంటాయి. రోజూ గంటల తరబడి బరువైన పుస్తకాలు మోసేవారికి రెండు భుజాలకూ తగిలించుకునే బ్యాగే మేలు, ఈ విషయంలో గుడ్డ సంచిని వెనకేసుకురావడానికి వీల్లేదు.

పట్టీ సంచికి అతుక్కునే చోటే అసలు పరీక్ష జరుగుతుంది. గుడ్డ నడిమధ్యలో చిరిగిన సంచులు తక్కువ. పట్టీ మొదట్లో ఊడిన సంచులే ఎక్కువ. అందుకే జాగ్రత్తగా కుట్టిన సంచిలో పట్టీ కొసను పై అంచు మడతకు అంటించి వదిలేయరు. దాన్ని రెండు మూడు అంగుళాలు కిందికి దించి, చుట్టూ చదరంగా కుట్టి, ఆ చదరం లోపల మూల నుంచి మూలకు రెండు అడ్డ కుట్లు వేస్తారు. అప్పుడు లాగుడు ఒక్క గీత మీద పడకుండా చదరం అంతటా పంచుకుంటుంది. ఇంకా మంచి సంచుల్లో పట్టీ ఒక వైపు నుంచి అడుగు కిందుగా సాగి రెండో వైపు పైకి వస్తుంది. ఆ అమరికలో బరువును మోసేది పట్టీయే, గుడ్డ దాన్ని చుట్టి పట్టుకుని ఉంటుంది. లోపలి కుట్టు అంచులు పోగులు ఊడిపోకుండా మడిచి మళ్లీ కుట్టారా, లేక అంచును దారంతో చుట్టేసే ఓవర్‌లాక్ కుట్టుతో సరిపెట్టారా అన్నది సంచిని తిరగేసి చూస్తే తెలిసిపోతుంది. బయటి బొమ్మ కన్నా ఈ లోపలి కుట్టే సంచి ఆయుష్షును చెబుతుంది.

తెరిచి ఉన్న నోరు ఈ సంచికి బలం, బలహీనత కూడా. జిప్పున్న బ్యాగులోంచి ఏదైనా తీయాలంటే ఆగి, ముందుకు తిప్పుకుని, రెండు చేతులు వాడాలి. టోట్ బ్యాగులోకి నడుస్తూనే ఒక చెయ్యి దించి, చూడకుండానే తాళాలో కళ్లద్దాలో తడిమి తీసుకోవచ్చు. మూత లేదు కాబట్టి వస్తువు ఎత్తు సంచి ఎత్తును మించినా ఫర్వాలేదు. చుట్టిన చార్టు, గొడుగు, పూల మొక్క, ఏదైనా నిలువుగా ఇముడుతుంది. సాధారణంగా వచ్చే 38 సెంటీమీటర్ల వెడల్పు, 42 సెంటీమీటర్ల ఎత్తున్న సంచిలో ఏ4 కాగితాల ఫైలు అటూ ఇటూ చోటు మిగిల్చి దిగుతుంది. కానీ రద్దీలో ఇతరుల చెయ్యి కూడా అంతే తేలిగ్గా లోపలికి వెళ్తుంది, సీటు మీద పక్కకు ఒరిగితే సరుకంతా బయటికి దొర్లుతుంది, వానకు కాగితాలు తడుస్తాయి. వీటికి విరుగుడుగా నోటి దగ్గర ఒక ప్రెస్ బటనో, లోపల చిన్న జిప్పు అరో పెట్టడం తయారీదారులకు అలవాటైంది. ఇవి ఒకటీ అరా ఉంటే ఉపయోగమే. అన్నీ చేర్చుకుంటూ పోతే మాత్రం సంచి మడత పడటం మానేస్తుంది, అప్పుడు మరో బ్యాగులో దాచిపెట్టుకుని అవసరమైనప్పుడు తీసే సౌలభ్యం పోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు అరచేయంత మడతగా మారి, నిండినప్పుడు పది కిలోల బరువు మోయగలగడం ఏ ఖరీదైన బ్యాగుకూ సాధ్యం కాని పని.

ఈ సంచి మరో అవసరాన్ని కూడా తీరుస్తుంది, అది మోతకు సంబంధించినది కాదు. రెండు వైపులా చదునుగా, రంగు పీల్చుకునే నూలు తలం ఉండటంతో స్క్రీన్ ప్రింటింగ్‌కు ఇంత అనువైన వస్తువు మరొకటి దొరకదు. ఒక చట్రం, ఒక రంగు, ఒక గీత చాలు. పుస్తకాల దుకాణాలు, ప్రదర్శనశాలలు, పత్రికలు, సదస్సులు తమ పేరును గుడ్డ మీద అచ్చువేసి పంచడానికి ఇదే కారణం. ఆ సంచి తగిలించుకున్న మనిషి తాను ఏం చదువుతాడో, ఎక్కడికి వెళ్లొచ్చాడో, దేన్ని సమర్థిస్తాడో నోరు విప్పకుండానే చెప్పుకుంటాడు. చొక్కా మీద అచ్చు వేసినా ఇదే పని జరుగుతుంది గానీ చొక్కాకు కొలతలు కావాలి, సంచికి అక్కర్లేదు. ఆడ, మగ, చిన్న, పెద్ద తేడా లేకుండా ఒకే కొలత అందరికీ సరిపోతుంది. ఇందులో ఆడంబరం వెతకడం అన్యాయం. ఇష్టపడిన దాన్ని నలుగురికీ కనిపించేలా భుజాన వేసుకోవడం మనుషులకు సహజమైన సంతోషం, దాన్ని ఇంత చౌకగా అందించడం ఈ గుడ్డ చేసిన మంచి పని.

అయితే ఆ సంతోషమే ఒక్కోసారి సంచిని దాని వాడుక నుంచి దూరం చేస్తుంది. 2007లో లండన్ డిజైనర్ అన్యా హిండ్‌మార్చ్ 'నేను ప్లాస్టిక్ సంచిని కాను' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంతో రూపొందించిన గుడ్డ సంచి బ్రిటన్‌లోని ఒక సూపర్‌మార్కెట్ గొలుసులో అమ్మకానికి వచ్చినప్పుడు తెల్లవారకముందే క్యూలు కట్టారు, కొన్నవారిలో కొందరు దాన్ని ఎన్నో రెట్లకు తిరిగి అమ్ముకున్నారు. అది సేంద్రియ పత్తితో చేసింది కాదని, చైనాలో కుట్టించి తెప్పించారని తర్వాత విమర్శలు వచ్చాయి. ఒకటి మాత్రం నిజం, ప్లాస్టిక్ సంచుల గురించి అంతమంది మాట్లాడుకునేలా చేసింది ఆ సంచే. 2024లో అమెరికాలోని ట్రేడర్ జోస్ దుకాణాలు తీసుకొచ్చిన చిన్న కాన్వాస్ సంచుల విషయంలోనూ ఇదే జరిగింది. నిమిషాల్లో అరలు ఖాళీ అయ్యాయి, ఆన్‌లైన్‌లో వందల డాలర్లు అడిగినవారూ కనిపించారు. కొనుక్కుని అట్టిపెట్టిన సంచి ఒక్క ప్లాస్టిక్ కవరును కూడా తప్పించదు. సేకరణ వస్తువుగా మారిన క్షణం నుంచి అది సంచిగా పనిచేయడం మానేసినట్టే.

ఇక్కడే లెక్కలు చూడాలి. స్వీడన్ ఇంజినీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్ రూపొందించిన, పిడులతో సహా ఒకే ముక్కగా తయారయ్యే ప్లాస్టిక్ సంచికి 1965లో అమెరికాలో పేటెంటు లభించింది. కొన్ని గ్రాముల బరువుతో కిలోల కొద్దీ మోసే ఆ సంచి కొన్ని దశాబ్దాల్లో ప్రపంచమంతా పరుచుకుంది, మురుగు కాలువలకు అడ్డుపడింది, సముద్రాలకు చేరింది. 2002లో బంగ్లాదేశ్ పల్చని ప్లాస్టిక్ సంచులను నిషేధించిన తొలి దేశమైంది, అదే ఏడాది ఐర్లండ్ వాటి మీద సుంకం వేసింది. గుడ్డ సంచి మళ్లీ గౌరవం సంపాదించుకున్న నేపథ్యం ఇది. కానీ తయారీకి అయ్యే వనరుల కోణంలో చూస్తే ప్లాస్టిక్ సంచి చాలా తేలికైన ప్రత్యర్థి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మామూలు ప్లాస్టిక్ సంచి వాతావరణం మీద చూపే ప్రభావం కన్నా నూలు సంచి ప్రభావం తగ్గాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. ఆ ప్లాస్టిక్ సంచుల్లో 40 శాతం ఇంట్లో చెత్తబుట్ట కవర్లుగా మళ్లీ వాడితే ఈ సంఖ్య 173కు పెరుగుతుంది. 2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ చేయించిన అధ్యయనంలో వాతావరణ మార్పు ఒక్కదాన్నే లెక్కిస్తే మామూలు పత్తి సంచికి 52 సార్లు, సేంద్రియ పత్తి సంచికి 149 సార్లు అని తేలింది. నీరు, నేల, ఓజోన్ పొర వంటి అన్ని కొలమానాలనూ చేర్చితే అవే సంఖ్యలు 7,100, 20,000 అయ్యాయి.

ఇరవై వేల సార్లంటే రోజూ ఒకసారి చొప్పున 54 ఏళ్లకు పైగా. ఈ అంకె ఎక్కడ పడితే అక్కడ ఉటంకింపుగా తిరగడం, దాని వెనక ఉన్న షరతులు మాత్రం తిరగకపోవడం విచారించాల్సిన విషయం. ఆ పెద్ద సంఖ్యను నిర్ణయించింది అన్ని ప్రభావాల సగటు కాదు, అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన ఒకే ఒక్క కొలమానం, ఓజోన్ పొర క్షీణత. సేంద్రియ పత్తి సంచికి ఎక్కువ రావడానికి రెండు కారణాలున్నాయి. దాని దిగుబడి 30 శాతం తక్కువని అనుకోవడం ఒకటి. పరిశీలించిన సంచి ప్రమాణ పరిమాణం కన్నా చిన్నది కావడంతో ఒకదాని బదులు రెండు సంచులుగా లెక్కించడం రెండోది. వీటన్నిటికీ మించి, చెత్తగా చెల్లాచెదురైన ప్లాస్టిక్ జంతువులకూ సముద్రానికీ చేసే హాని ఆ లెక్కలో లేనే లేదు. గుడ్డ సంచి ఎక్కువగా పోటీపడేది సరిగ్గా ఆ విషయంలోనే. కాబట్టి 20,000 అనే అంకె చూపి గుడ్డ సంచిని తీసిపారేయడం తప్పు. అలాగని 52ను కూడా తేలిగ్గా తీసుకోలేం. వారానికి ఒక్కసారి మాత్రమే వాడే సంచికి 52 సార్లు పూర్తవడానికి ఏడాది, 131 సార్లకు రెండున్నరేళ్లు పడుతుంది. ప్రపంచ సగటున కిలో నూలు గుడ్డకు దాదాపు 10,000 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. అంటే 200 గ్రాముల సంచి వెనక 2,000 లీటర్లు ఉన్నాయి. ఆ నీరు పత్తి చేలో ముందే ఖర్చయిపోయింది, సంచిని కొక్కేనికి తగిలించి ఉంచినా, భుజాన వేసుకుని తిరిగినా అది మారదు.

అందుకే ఇంట్లో సంచుల సంఖ్య అసలు ప్రశ్న అవుతుంది. ఒక్క సంచిని వారానికి నాలుగుసార్లు వాడే మనిషి ఎనిమిది నెలల్లో 131 దాటేస్తాడు. అదే మనిషికి సదస్సుల్లో, దుకాణాల్లో, పుట్టినరోజుల్లో మరో తొమ్మిది సంచులు వచ్చి చేరి, అన్నిటినీ సమానంగా వాడితే, ఆ పదీ అదే స్థాయికి చేరడానికి ఆరేళ్లకు పైగా పడుతుంది. ఆచరణలో సమానంగా వాడటం కూడా జరగదు. నచ్చిన ఒకటి రెండే తిరుగుతాయి, మిగిలినవి వాటిలోనే ఒకదాంట్లో కుక్కి అటక మీదికి చేరతాయి. ఉచితంగా వచ్చిన సంచిని వద్దనడానికి మొహమాటం అడ్డువస్తుంది, పారేయడానికి మనసొప్పదు. ప్లాస్టిక్ కవరు అయితే అపరాధ భావంతోనైనా పారేస్తారు, గుడ్డ మీద మనుషులకున్న గౌరవం దీన్ని పారేయనివ్వదు. ఆ గౌరవం మంచిదే. దాన్ని వాడుకుని అవసరం లేని చోట గుడ్డ సంచులు పంచడం మంచిది కాదు. అచ్చు వేయించి పంచే సంస్థలు తేదీ, కార్యక్రమం పేరు లేకుండా సాదా సంచి ఇచ్చినా కొంత నయం, ఎందుకంటే తేదీ వేసిన సంచి మరుసటి ఏడాదికే పాతదిగా కనిపిస్తుంది. దిట్టమైన రబ్బరు లాంటి అచ్చు వేసిన భాగాన్ని నూలు పునర్వినియోగంలో కత్తిరించి తీసేయాల్సి వస్తుంది కూడా. ప్లాస్టిసాల్ అనే ఆ సిరాలో ఉండేది పీవీసీ అనే ప్లాస్టిక్.

ఉతకడం గురించి రాయాల్సిందీ ఉంది, ఎందుకంటే చాలామంది సంచిని ఉతకరు. 2010లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఫుట్‌బాల్ ఆడే బాలికల జట్టులో వ్యాపించిన నోరోవైరస్ వాంతులకు మూలం, జబ్బుపడిన అమ్మాయి ఉన్న స్నానాలగదిలో పెట్టిన ఒక సరుకుల సంచి అని పరిశోధకులు తేల్చారు. ఆ సంచి కాన్వాస్‌ది కాదు, మళ్లీ మళ్లీ వాడే పాలీప్రొపిలీన్ సంచి. అయినా పాఠం గుడ్డకూ వర్తిస్తుంది. అరిజోనా, లోమా లిండా విశ్వవిద్యాలయాల పరిశోధకులు సరుకుల సంచులను పరీక్షించి, ఉతికితే బ్యాక్టీరియా 99.9 శాతానికి పైగా తగ్గుతుందని చూపారు. ఆ పరిశోధనకు డబ్బిచ్చింది ప్లాస్టిక్ తయారీదారులు కూడా సభ్యులుగా ఉన్న అమెరికా రసాయన పరిశ్రమల సంఘం కాబట్టి, సంచుల మీద భయం కలిగించే దాని ముగింపులను కొంత ఆచితూచి చదవాలి. ఉతకమన్న సలహాలో మాత్రం తప్పు పట్టడానికేమీ లేదు. పచ్చి మాంసానికీ చేపలకూ ఒక సంచిని వేరుగా ఉంచుకుంటే సగం సమస్య తీరుతుంది. మగ్గం నుంచి దించి ఉతకకుండానే కుట్టిన కాన్వాస్ మొదటి ఉతుకులో పదో వంతు దాకా కుంచించుకుపోవచ్చు, అదీ వేడినీళ్లలో మరీ ఎక్కువ. చల్లటి నీళ్లలో ఉతికి, తడిగా ఉండగానే కుట్ల వెంట లాగి చదును చేసి, నీడలో ఆరేస్తే ఆకారం చాలావరకు నిలుస్తుంది.

సంచి అరగడంలోనూ ఒక క్రమం ఉంది. ముందుగా నేలకు ఆనే అడుగు మూలలు నెరుస్తాయి, తర్వాత నడుము పక్కన రాసుకునే వైపు రంగు వెలుస్తుంది, ఆ తర్వాత పట్టీ మడత మెత్తబడి చెమట మరక పడుతుంది, చిట్టచివర పట్టీ మొదలు వదులవుతుంది. తోలు బ్యాగుకు ఇదంతా మరమ్మతు దుకాణం పని. కృత్రిమ తోలు పొరలు పొరలుగా ఊడిపోతే దానికి మరమ్మతే లేదు. కాన్వాస్‌కు దళసరి సూది, గట్టి నూలు దారం ఉంటే చాలు. అడుగు మూలకు పాత జీన్స్ గుడ్డ ముక్కను లోపలి వైపు నుంచి అతికి కుట్టవచ్చు. పట్టీ ఊడినప్పుడు చాలామంది పాత కుట్టు రంధ్రాల్లోంచే దారం తీసి బిగిస్తారు, అక్కడి పోగులు అప్పటికే నలిగిపోయి ఉంటాయి కాబట్టి అది నెల తిరగకముందే మళ్లీ ఊడుతుంది. పట్టీ కొసను ఒక అంగుళం కిందికి దించి, చెక్కుచెదరని గుడ్డ మీద చదరంగా కుట్టి, లోపల అడ్డంగా రెండు కుట్లు వేస్తే, సంచి ఎత్తు కాస్త తగ్గినట్టు అనిపించినా, పట్టీ మళ్లీ బరువుకు నిలుస్తుంది.